వెనక్కి పోయే బాణం

"ఆ నోటుపుస్తకం తీసుకురా," అంది రికార్డులమ్మ.

పొట్టి కదల్లేదు. అద్దం ముందు నిలబడి, ఇప్పటికే దువ్వుకున్న జుట్టును మళ్ళీ దువ్వుకుంటోంది.

"నిన్నే. తీసుకురమ్మన్నాను."

"పొద్దున్నే ఎందుకు వదినా? నువ్వేం చెప్పావో నీకు తెలియదా?"

"తెలుసు. నువ్వేం రాశావో చూడాలి."

మూడు రోజులుగా ఆ ఇంట్లో వదినా ఆడపడుచుల మధ్య మాటలు లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా, స్నానానికి నీళ్ళు కాగాయన్నా మధ్యలో ఉన్న మగమనిషికి చెప్పి ఆయన చేత చెప్పిస్తున్నారు. ఆయన ఒకరికి మొగుడు, మరొకరికి అన్నయ్య. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన జనాన్ని బయటికి తియ్యడం బాగా తెలిసినవాడే. ఈసారి ఇరుక్కున్నది తనే కావడంతో ఏం చెయ్యాలో తోచక, మూడు రోజులుగా పెందలాడే పనిలోకి పోయి ఆలస్యంగా ఇల్లు చేరుతున్నాడు. ఇవాళ శనివారం, ఆయనకు సెలవు. పారిపోయే దారి లేక ముందు గదిలో పేపరు వెనక దాక్కున్నాడు.

పొట్టి అన్నది చిన్నప్పటి పేరు. ఇప్పుడామె అన్నయ్య కంటే రెండంగుళాలు పొడుగు, ముప్ఫై ఒకటో ఏడు. బస్టాండులో టికెట్ల కౌంటర్లో తొమ్మిదేళ్ళు కూర్చుంది. ఆ కౌంటరు మూసేసి, మీట నొక్కితే టికెట్టు బయటికొచ్చే యంత్రం పెట్టాక ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, సాయంకాలం కాలేజీలో కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోర్సుకి దరఖాస్తు తెచ్చి చేతిలో పెట్టింది ఈ వదినే. "నిన్ను ఇంటికి పంపిందేదో దాన్నే నేర్చుకోవే" అన్నది కూడా ఈ వదినే. ఆ మాట తలుచుకుంటే రికార్డులమ్మకి ఇప్పుడు నాలుక కొరుక్కోవాలనిపిస్తోంది.

నేర్చుకుంది, మహా బాగా నేర్చుకుంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి ఏదో ఒక పనిచోటు చూసుకుని, అక్కడ కాగితం ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతుందో డబ్బాలూ బాణాలూ గీసి చూపించాలి. ఆ పనంతా కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో రాయాలి. పొట్టి తన వదిన పనిచేసే పెద్దాసుపత్రిని ఎంచుకుంది. కాలేజీ వాళ్ళు ఆ బొమ్మను ఆసుపత్రి సూపరింటెండెంటుకి పంపితే ఆయనకు తెగ నచ్చేసింది.

ఆ బొమ్మలో రికార్డు సెక్షనుకి డబ్బా లేదు. బుధవారం నుంచి ఆసుపత్రిలోనూ రికార్డు సెక్షను లేదు. రక్తపరీక్షల చీటీలు ల్యాబు నుంచి నేరుగా వార్డులకి పోతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ చీటీలు అందుకుని, ఆసుపత్రి అంతటి చేతా రికార్డులమ్మ అనిపించుకున్న మనిషి కింది అంతస్తులో బట్టల స్టోర్లో దుప్పట్లు లెక్కపెడుతోంది. జీతం తగ్గలేదు. ఎవరికి చెప్పుకున్నా వాళ్ళు మొదట అనే మాట అదే.

పొట్టి పుస్తకం తెచ్చి బల్ల మీద పడేసింది.

"చదువు," అంది రికార్డులమ్మ.

"నువ్వే చదువుకో."

"రాసింది నువ్వు. నీ నోటితోనే విననీ."

పొట్టి చదివింది, బస్సుల వేళలు చదివే కౌంటరు గొంతుతో. "'రికార్డు సెక్షనులో మీ పని ఏమిటి?' జవాబు. 'నాదేముందే, అదీ ఒక పనేనా? వచ్చిన చీటీ పుస్తకంలో ఎక్కిస్తా, వార్డుకి పంపిస్తా. అంతే.' ఇది నువ్వన్న మాటా కాదా?"

"అన్నాను."

"మరి నా తప్పేముంది? డబ్బాలోకి ఏది పోయిందో అదే బయటికొస్తుంటే ఆ డబ్బా దండగ. మా లెక్చరరు మొదటి రోజు నుంచీ మొత్తుకునేది అదే. ఉంచితే నాకు మార్కులు కోస్తారు."

రికార్డులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అన్న మాట అన్నదే. వంటింట్లో బీన్సు తుంచుతూ, ఈ పిల్ల పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంటే నవ్వొచ్చి అలా అంది. నీ పనేమిటంటే నాదేముందిలే అనడం తప్ప ఆమెకు ఇంకోలా చెప్పడం చేతకాదు. తన గురించి తను గొప్పగా చెప్పుకోవాలంటే చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గును పొట్టి అక్షరం పొల్లు పోకుండా రాసుకుపోయింది.

"అది మొదటి రోజు," అంది చివరికి. "మర్నాడు నిన్ను మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాను. వెనక్కి పంపే చీటీల సంగతి చెప్పాను. అది చదువు."

పొట్టి పేజీ తిప్పలేదు.

"రాసుకోలేదా?"

"రాశాను."

"అయితే చదవ్వే."

"అది... ఉంది వదినా. కానీ బొమ్మలోకి రాలేదు."

రికార్డులమ్మ పుస్తకం లాక్కుంది.

నిజమే, ఉంది. నిండా ఒక పేజీ. ల్యాబు నుంచి వచ్చిన ప్రతి చీటీనీ రోగి పాత ఫైలు పక్కన పెట్టి చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అంకె తేడాగా కనిపించి, భయపడుతూనే వెనక్కి పంపింది. నిజంగానే అది తప్పు. అప్పటి నుంచి ప్రతిదీ చూస్తూనే ఉంది. తేడా తగిలితే చీటీ మూల మడిచి ల్యాబుకి తిప్పి పంపేది. వాళ్ళు పరీక్ష మళ్ళీ చేసి కొత్త చీటీ పంపేవారు, పాతది చించేసేవారు. పుస్తకంలో కొత్తదే ఎక్కేది. మడిచిన చీటీ సంగతి ఎక్కడా రాయకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. రాస్తే ల్యాబులో ఎవరి మెడకో చుట్టుకుంటుంది. అందుకే వారానికి నాలుగో ఐదో పోయిన చీటీలకు ఇన్నేళ్ళలో ఒక్క ఆనవాలు లేదు.

అదంతా పొట్టి పూసగుచ్చినట్టు రాసుకుంది. ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, నల్లటి లావుపాటి పెన్సిలుతో కొట్టేసి ఉంది.

పొట్టి దగ్గర నీలం పెన్ను తప్ప వేరే లేదు. ఆ లావు పెన్సిలు ఎవరి చొక్కా జేబులో ఉంటుందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

"ఏమండీ," అంది రికార్డులమ్మ.

పేపరు కదల్లేదు.

"ఏమండీ, మిమ్మల్నే. ఈ పేజీ కొట్టేసింది మీరా?"

"ఏ పేజీ?"

"ఇలా వచ్చి చూడండి, ఏ పేజీయో."

ఆయన వచ్చాడు. చూశాడు. చొక్కా జేబులోని పెన్సిలు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మంచి ప్రతి అన్నయ్యే గీశాడు వదినా," అంది పొట్టి, తల వంచుకుని. "నేను గీస్తే వంకర్లు పోతున్నాయని. లిఫ్టు వైర్ల బొమ్మలు గీసే చెయ్యి కదా అని నేనే అడిగాను."

"గీయడం సరే. కొట్టేయడం?"

"దానికింత గొడవెందుకు?" అన్నాడాయన. "బాణాలన్నీ ఎడమ నుంచి కుడికి చక్కగా పోతున్నాయి. నీదొక్కటే కుడి నుంచి వెనక్కి వస్తోంది. నాలుగు గీతల్ని దాటుకుని రావాలి. గీత మీద గీత ఎక్కకూడదట. రెండుసార్లు గీసి చూశాను, పైనుంచి తిప్పాను, కిందనుంచి తిప్పాను. కుదర్లేదు."

"కుదరకపోతే?"

"తీసేశాను."

"నన్ను అడగలేదు."

"నువ్వు డ్యూటీలో ఉన్నావు."

"డ్యూటీ నుంచి ఇంటికే కదా వస్తాను."

ఆయనకు చిరాకు వచ్చింది. తప్పు తనదని తెలిసినప్పుడల్లా ఆయనకు చిరాకే వస్తుంది. "అడగడానికి అదేమన్నా అంత పెద్ద సంగతా? రోజూ ఇంటికొచ్చి నువ్వు చెప్పే కబుర్లే కదా అనుకున్నాను. ఈ చీటీ తేడాగా ఉంది, ఆ చీటీ తిప్పి పంపాను అని. ఇరవై రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను."

"విన్నారా?" అంది రికార్డులమ్మ.

ఆయన పేపరును నాలుగు మడతలు పెట్టాడు.

మూడు రోజులుగా ఆమె ఈ పిల్లను తిట్టుకుంటోంది. దుప్పటి మడతపెట్టిన ప్రతిసారీ తిట్టుకుంది. తిట్టుకోవడంలో ఒక రకమైన సుఖం కూడా ఉంది, పరాయి ఇంటి నుంచి వచ్చిన తనకు ఈ ఇంటి ఆడపిల్ల ఇంతకంటే ఏం చేస్తుందిలే అని. ఇప్పుడు ఆ సుఖం కూడా పోయింది. పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషే, బొమ్మ అందంగా లేదని, ఆమెను చెరిపేశాడు. చెరిపేసి ఆ పూట కూడా మామూలుగా అన్నం తినే ఉంటాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడు, ఆ ఓదార్పు ఆమెకు అక్కర్లేదు.

"జీతం తగ్గలేదు కదా," అన్నాడాయన మెల్లిగా.

"తగ్గలేదండీ. మీరనడమొక్కటే బాకీ, మీరు కూడా అనేశారు."

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. మామూలు రోజైతే వెళ్ళి కట్టేది. ఇవాళ కారనీ అనుకుంది.

"మళ్ళీ గీస్తాను," అంది పొట్టి ఉన్నట్టుండి. "సోమవారం పదింటికి వైవా. సూపరింటెండెంటు కూడా వస్తున్నాడు. ఒక డబ్బా పొరపాటున వదిలేశానని చెబుతాను."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు అన్నయ్య. "ప్రాజెక్టు తప్పని నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావా? వాళ్ళిస్తామన్న ఉద్యోగం మాటేమిటి?"

"ఏ ఉద్యోగం?" అంది రికార్డులమ్మ.

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆసుపత్రిలో కొత్త కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం," అంది పొట్టి. "వైవా సవ్యంగా అయిపోతే. మొన్న పిలిచి చెప్పారు. నీకు చెబుదామనే అనుకున్నాను వదినా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఎక్కడ కూర్చోబెడతారట?"

పొట్టి మళ్ళీ దువ్వెన అందుకుంది. చెప్పకపోయినా రికార్డులమ్మకి తెలిసింది, రికార్డు సెక్షనులో తన సీట్లోనే. కిటికీ పక్కన, ఫ్యాను కింద, ఆ గదిలో కాస్త గాలి ఆడే చోటు అదొక్కటే.

"అయినా గీస్తాను," అంది పొట్టి మొండిగా. "గీసినా ఒకటుంది. మా లెక్చరరు చూపించు అంటాడు. వెనక్కి పోయిన చీటీ ఒక్కటి చూపించు, లేదా దాన్ని అందుకున్న మనిషి చేత చెప్పించు అంటాడు. కాగితం మీద కనపడనిది జరగనట్టే ఆయనకి."

"ఒక్కటీ లేదు. చించేస్తారని చెప్పానుగా."

"ఇన్నేళ్ళలో ఒక్కటైనా దాచుకోలేదా నువ్వు?"

"ఎందుకు దాస్తానే? ఎవరినన్నా పట్టించడానికా?"

డ్యూటీకి వేళయిందని రికార్డులమ్మ బ్యాగు భుజాన వేసుకుంది. టిఫిను డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. ఆయన దాన్ని పట్టుకుని వీధి చివరిదాకా వచ్చాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

*

ల్యాబు పెద్దాయన ఎత్తు స్టూలు మీద కూర్చుని గాజు గొట్టాల మీద అంకెలు అంటిస్తున్నాడు. రికార్డులమ్మ కంటే ఆరేళ్ళ ముందు నుంచీ ఉన్నాడు ఆసుపత్రిలో. పదవీ విరమణకి ఇంకా మూడు నెలలుంది.

"రా చెల్లెమ్మా. దుప్పట్లు ఎలా ఉన్నాయి?"

"మడతల్లో ఉన్నాయి అన్నగారూ."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వు ఆపేశాడు.

"సోమవారం పదింటికి మా ఆడపడుచు వైవా," అంది. "ఒక్క ఐదు నిమిషాలు వచ్చి రెండు ముక్కలు చెప్పాలి మీరు."

"ఏమని?"

"నేను చీటీలు తిప్పి పంపేదాన్నని."

"అంటే మేం తప్పులు చేసేవాళ్ళమని."

"అలా కాదు..."

"ఇంకెలా? నువ్వు తిప్పి పంపావంటే మేం తప్పు చేశామనేగా. సూపరింటెండెంటు ఎన్ని అని అడుగుతాడు. నువ్వు వారానికి నాలుగో ఐదో అంటావు. మిగతాది ఆయనే గుణించుకుంటాడు. నా కింద ఇద్దరు కొత్తమ్మాయిలున్నారు, ఇంకా పర్మినెంటు కాలేదు. వాళ్ళేం కావాలి?"

"ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాకుండానే చూశాను కదా అన్నగారూ. ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు."

"నేననేదీ అదే. రాయలేదు. అది నీ మంచితనం. ఇప్పుడు దాన్ని చేజేతులా పాడుచేసుకోకు."

ఇంత తియ్యగా ఆమెను ఎవరూ ముంచలేదు. ఇంట్లో ఆయన కనీసం చిరాకు పడ్డాడు. ఈయన మెచ్చుకుంటున్నాడు.

"పోనీ ఎవరి పేరూ వద్దు," అంది. "అప్పుడప్పుడూ చూసి పంపేది అని, అంతవరకే చెప్పండి. నన్ను నా సీట్లో కూర్చోనిస్తారు. ఆ దుప్పట్ల మధ్య నాకు ఊపిరాడటం లేదు."

పెద్దాయన గొట్టం మీద అంకె అంటించి, వేలితో నొక్కాడు. "నిజం చెప్పుకోవాలంటే, ఎన్ని పంపావులే నువ్వు మాత్రం. ఎప్పుడో ఒకటీ అరా. నువ్వు కాకపోతే వార్డులో డాక్టర్లే కనిపెట్టేవాళ్ళు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె తలుపు వైపు తిరిగింది. ఇంక అడగడానికేమీ లేదు.

"ఎలాగూ వచ్చావు కదా," అన్నాడాయన, ట్రేలోంచి చీటీల కట్ట తీసి ముందుకు జరుపుతూ. "ఈ పొద్దుటివి ఒకసారి చూసిపెట్టవూ? వార్డు ఆయా వచ్చే వేళయింది."

ఆ మాటలో ఆయనకు వింతేమీ కనిపించలేదు. పక్కనున్న మనిషిని గ్లాసెడు నీళ్ళు అడిగినంత మామూలుగా అడిగాడు.

వెళ్ళిపోవాల్సింది. కాళ్ళు తలుపు వైపే ఉన్నాయి. చేతులు మాత్రం కట్ట అందుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. ఏడో చీటీ దగ్గర ఆగింది.

ఆడవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం. మణికట్టు విరిగి వచ్చిన టీచరమ్మ. మంగళవారం చీటీ రికార్డులమ్మ చేతి మీదుగానే పోయింది, రక్తం పన్నెండు గ్రాములు. ఇవాళ ఆరు అని ఉంది. కట్టు కట్టిన చెయ్యే తప్ప ఆ మనిషికి చుక్క రక్తం పోయిన గాయం లేదు.

కింది చీటీ తీసింది. పదో మంచం, నిన్న కడుపు కోసి ఆపరేషను చేశారని చీటీ మీదే ఉంది. పన్నెండు.

"అన్నగారూ, ఈ రెండూ తారుమారయ్యాయి."

పెద్దాయన చీటీలు చూశాడు, గొట్టాలు పెట్టిన చెక్క వైపు చూశాడు. రెండు గొట్టాలూ బయటికి తీసి పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాడు. ఆరున్న మనిషికి పన్నెండని వెళ్ళి ఉంటే వార్డులో ఎవరూ ఆమెకు రక్తం ఎక్కించేవారు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాసేపటికి ఆయన వార్డుకి ఫోను చేసి, పదో మంచానికి ఎక్కించడానికి రక్తం సిద్ధం చెయ్యమని చెప్పాడు. కొత్త చీటీలు రాసి సంతకం పెట్టాడు. ఆయా వచ్చి కట్ట తీసుకుపోయింది.

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "బతికించావు చెల్లెమ్మా. ఆ పాతవి ఇటివ్వు, చించేస్తాను."

రెండు తప్పు చీటీలూ ఆమె చేతిలోనే ఉన్నాయి. కింద ఆయన సంతకం, పక్కన ఇవాళ్టి తేదీ.

"సోమవారం వస్తారా?" అంది.

"మళ్ళీ అదేనా? ఇవ్వమ్మా."

ఇచ్చేస్తే ఈ పొద్దు జరిగింది కూడా జరగనట్టే. ఇవ్వకపోతే, పొద్దున్న పొట్టితో తను అన్న మాట తనకే తగులుతుంది, పట్టించడానికా అని. ఆమెకు ఆయన మీద జాలి ఉంది. ఆ జాలితోనే ఇన్నేళ్ళూ గడిపింది, అది తనను ఎక్కడికి చేర్చిందో కూడా ఇప్పుడు కనిపిస్తోంది.

చీటీలు బ్యాగులో పెట్టుకుంది.

పెద్దాయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "నువ్వలాంటి మనిషివి కావు."

"కాను. మొన్న మంగళవారం దాకా కాను."

ఆమె తలుపు దాకా వెళ్ళింది. వెనక స్టూలు కిర్రుమంది.

"చెల్లెమ్మా, ఒక్క మాట." ఆయన గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు. "నువ్వు రికార్డు సెక్షను మనిషివి కావు. బట్టల స్టోరు దానివి. ల్యాబు కాగితాలు నీ బ్యాగులోకి ఎలా వచ్చాయని అడిగితే ఏం చెబుతావు? నేనిచ్చానని నేను చెప్పను. తప్పు చీటీ రాసినవాడికి మెమో ఇస్తారు. రోగుల కాగితాలు ఎత్తుకుపోయినదాన్ని ఇంటికి పంపుతారు."

ఆమె ఆగింది.

పెద్దాయన ఫోను ఎత్తాడు. సూపరింటెండెంటు గదికి నొక్కాల్సినవి మూడు అంకెలు. ఆయన రెండు నొక్కి, ఆమె చీటీలు తిరిగిస్తుందేమోనని ఆగి, మొహంలోకి చూశాడు.